పీయూష గ్రంథికి పాకే క్యాన్సర్లు: గుర్తించడం, చికిత్స

శరీరంలో మరెక్కడో పుట్టిన క్యాన్సర్ కణాలు రక్తంలో కొట్టుకొచ్చి పీయూష గ్రంథిలో చేరి పెరిగితే ఆ గడ్డను పిట్యూటరీ మెటాస్టాసిస్ అంటారు. ఆసుపత్రి వార్డుల్లో వినపడే మాట ‘సెకండరీస్’. రోగి బంధువులు ‘తలకు పాకింది’ అని ఊరుకుంటారు. మెదడుకు పాకడం వేరు, పీయూషానికి పాకడం వేరు. మెదడులో గడ్డ ఫిట్సు తెస్తుంది, కాలో చెయ్యో పడిపోయేలా చేస్తుంది. అప్పుడు ఎవరికైనా అనుమానం వస్తుంది. పీయూషంలో గడ్డ తెచ్చేది దాహం, నీరసం, పడిపోయే బీపీ, పక్కల నుంచి తరిగిపోయే చూపు. ‘క్యాన్సర్ మనిషి కదా, కీమో ఎక్కించుకుంటున్నాడు కదా, నీరసం ఉండదా’ అని వాటిని వదిలేస్తారు. ఈ జబ్బు వల్ల తొందరగా జరిగే నష్టంలో పెద్ద భాగం ఇలా వదిలేయడం వల్లే జరుగుతుంది. గడ్డను కరిగించడం కష్టమే కావచ్చు. అది ఎండగట్టిన హార్మోన్లను మాత్రలతో తిరిగి ఇవ్వడం మాత్రం కష్టం కాదు.

పీయూష గ్రంథి మీద జరిగే గడ్డల ఆపరేషన్లలో ఇలా బయటి నుంచి వచ్చినవి సుమారు నూటికి ఒకటి. క్యాన్సర్‌తో చనిపోయినవారి మృతదేహాలను పరీక్షించిన అధ్యయనాల్లో ఎక్కువ భాగం నూటికి ఒకరి నుంచి ఐదుగురి దాకా ఈ గ్రంథిలో క్యాన్సర్ కణాలున్నట్టు చెబుతాయి. రొమ్ము క్యాన్సర్ రోగులను విడిగా చూసిన కొన్నింటిలో ఆ లెక్క ఇరవై కూడా దాటింది. అంటే వచ్చినవాళ్లలో చాలామందికి బతికుండగా దాని జాడ తెలియలేదు. మూలం ఎక్కడని చూస్తే మూడింట రెండు వంతులు రొమ్ము, ఊపిరితిత్తులే. మిగిలినదాన్ని మూత్రపిండం, ప్రోస్టేట్, థైరాయిడ్, జీర్ణకోశం, మెలనోమా, రక్త క్యాన్సర్లు పంచుకుంటాయి. లక్షణాలతో బయటపడ్డ రోగుల్లో నలుగురైదుగురిలో ఒకరికి ఈ గడ్డే మొదటి కబురు. అసలు క్యాన్సర్ ఉందన్న సంగతి అప్పటిదాకా రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు.

గుణదల నుంచి చూస్తే

విజయవాడలో గుణదల అనగానే చాలామందికి కొండ మీది మేరీమాత గుర్తొస్తుంది. 1924లో ఫాదర్ ఆర్లాటి ప్రతిష్ఠించిన విగ్రహం చుట్టూ పెరిగిన క్షేత్రమది. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్లు జరుగుతాయి. లూర్దు మాత పండుగ రోజైన ఆ 11వ తేదీనే కాథలిక్ చర్చి 1993 నుంచి ప్రపంచ రోగుల దినంగా పాటిస్తోంది. తలనీలాలిచ్చి మొక్కు తీర్చుకునేవాళ్లలో ఆసుపత్రి చీటీలు సంచిలో పెట్టుకుని వచ్చేవాళ్లకూ కొదవ లేదు.

అదే గుణదల వైపు 1980లో మొదలైన సిద్ధార్థ వైద్య కళాశాల, 1986లో ఏర్పడిన ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి కొత్త భవనాలు, ప్రధానమంత్రి స్వాస్థ్య సురక్ష యోజన కింద కట్టిన సూపర్ స్పెషాలిటీ బ్లాకు ఉన్నాయి. అవనిగడ్డ, మచిలీపట్నం, గుడివాడ, కైకలూరు ప్రాంతాల నుంచి పెద్ద జబ్బు అన్న అనుమానంతో బస్సెక్కినవాళ్లు చివరికి చేరేది విజయవాడకే. పీయూషానికి పాకిన క్యాన్సర్ రోగి వీళ్లలో ఒకరై ఉండొచ్చు. అయితే ఏ బోర్డూ చూసి అతను సరైన గదికి వెళ్లలేడు. దాహమైతే షుగర్ డాక్టరు దగ్గరికి, చూపు మందగిస్తే కంటి డాక్టరు దగ్గరికి, తలనొప్పి అయితే నరాల డాక్టరు దగ్గరికి పోతాడు. ముందే క్యాన్సర్ ఉన్నవాడైతే అన్నీ కీమో డాక్టరుకే చెప్పుకుంటాడు. కాబట్టి ఈ జబ్బును పట్టుకునే భారం ఈ నలుగురిలో ఎవరి ముందు రోగి కూర్చుంటే వారి మీదే పడుతుంది.

వెనక భాగానికే ఎందుకు

పీయూష గ్రంథి శనగగింజంత ఉంటుంది, బరువు అర గ్రాము పైచిలుకు. ముక్కు వెనకాల, కపాలం అడుగున, ఎముకలో సెల్లా అనే చిన్న గుంటలో కూర్చుంటుంది. పైన మెదడులో ఉన్న హైపోథలామస్ నుంచి సన్నని కాడ దిగి దాన్ని పట్టుకుని ఉంటుంది. కాడకు కాస్త ముందు, పైన, రెండు కళ్ల నుంచి వచ్చే దృష్టి నాడులు ఒకదాన్నొకటి దాటుకుంటాయి. గ్రంథికి రెండు పక్కలా కావర్నస్ సైనస్. మెడ నుంచి మెదడుకు రక్తం మోసే కరోటిడ్ ధమనులు, కంటిగుడ్డును తిప్పే నరాలు అందులోంచే పోతాయి. ఇంత ఇరుకులో ఒక సెంటీమీటరు గడ్డ పుట్టినా ఏదో ఒకటి నలుగుతుంది.

గ్రంథిలో రెండు భాగాలు. ముందు భాగం కార్టిసాల్‌ను, థైరాయిడ్‌ను, సెక్స్ హార్మోన్లను నడిపించే సంకేతాలను తయారు చేస్తుంది. దానికి రక్తం ఎక్కువగా హైపోథలామస్‌లో ఒకసారి వడపోసుకుని, కాడ వెంట పోర్టల్ సిరల్లో దిగి వస్తుంది. వెనక భాగానికి అలా కాదు. కరోటిడ్ కొమ్మల నుంచి ధమని రక్తం నేరుగా అందుతుంది. ఊపిరితిత్తుల నుంచో రొమ్ము నుంచో ఊడి ధమనుల్లోకి వచ్చిన క్యాన్సర్ కణానికి అది దగ్గరి దారి. అందుకే సెకండరీస్ ఎక్కువగా వెనక భాగంలో, కాడలో దిగుతాయి. వాసోప్రెసిన్ నిల్వ ఉండేదీ, విడుదలయ్యేదీ అక్కడే. మూత్రపిండాలు నీటిని వెనక్కి పీల్చుకోవాలంటే ఈ హార్మోన్ ఉండాలి. ఈ జబ్బులో దాహం అంత ముందుగా కనిపించడానికి మూలం ఈ రక్తనాళాల అమరికలో ఉంది. రొమ్ము క్యాన్సర్ కణాల సంగతి కొంత వేరు. ప్రొలాక్టిన్, ఇతర హార్మోన్లు దట్టంగా ఉండే ఆ వాతావరణం వాటికి అనుకూలమని కొందరు పరిశోధకుల వాదన.

శవపరీక్ష బల్ల మీద మొదలైన చరిత్ర

ఈ జబ్బు తొలి వర్ణన 1857లో లుడ్విగ్ బెంజమిన్ చేశాడు. ఒళ్లంతా మెలనోమా పాకి చనిపోయిన రోగి శవపరీక్షలో పీయూషంలోనూ ఆ గడ్డ కనబడింది. బతికున్నవాళ్ల పీయూషాన్ని ముక్కు దారిన మొదటిసారి ముట్టుకున్నది 1907లో, ఇన్స్‌బ్రుక్‌లో హెర్మన్ ష్లోఫర్. అమెరికాలో హార్వే కుషింగ్ ఆ దారిని చాలా ఏళ్లు వాడి, తర్వాత వదిలేశాడు. 1960లలో మాంట్రియల్‌లో జూల్ హార్డీ ఆపరేషన్ మైక్రోస్కోపు పెట్టి దాన్ని మళ్లీ నిలబెట్టాడు. 1990ల నుంచి ఎండోస్కోపు వచ్చింది.

మధ్యలో ఒక విచిత్రమైన అధ్యాయం ఉంది. 1950లలో స్టాక్‌హోమ్‌లో లుఫ్ట్, ఓలివెక్రోనా ముదిరిన రొమ్ము క్యాన్సర్ రోగులకు ఆరోగ్యంగా ఉన్న పీయూష గ్రంథినే తీసేయడం మొదలుపెట్టారు. హార్మోన్లు ఆగితే క్యాన్సర్ ఎండిపోతుందన్నది వారి ఆలోచన. కొందరికి నిజంగానే నొప్పులు తగ్గాయి. అలా తీసిన గ్రంథులను మైక్రోస్కోపు కింద పెడితే, ఆరోగ్యంగా ఉన్నాయనుకున్న వాటిలో కొన్నింట అప్పటికే క్యాన్సర్ కణాలు ఉన్నాయి. ఈ జబ్బు అనుకున్నదానికంటే ఎక్కువని తెలియడానికి ఆ ఆపరేషన్లు తోడ్పడ్డాయి. హార్మోన్లను అడ్డుకునే టమాక్సిఫెన్ లాంటి మాత్రలు వచ్చాక పీయూషం తీసే పద్ధతి దానంతట అదే పోయింది.

ఈ చరిత్రలో మన గోదావరి జిల్లా మనిషి పేరూ ఒకచోట వస్తుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలోనే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందులు తయారయ్యాయి. తర్వాతి దశాబ్దాల్లో రొమ్ము క్యాన్సర్‌కు ప్రపంచమంతా వాడిన మూడు మందుల కీమోలో ఒకటి ఆ మెథోట్రెక్సేటే.

దాహం

మే నెలలో విజయవాడలో ఎండ 45 డిగ్రీలను తాకే రోజులుంటాయి. అలాంటి ఊళ్లో ‘దాహంగా ఉంది’ అన్న ఫిర్యాదుకు విలువ తక్కువ. ‘ఎండలు కదా, మజ్జిగ తాగండి’ అనేస్తారు. మరీ పోరితే షుగర్ చూస్తారు. వేలు పొడిచి చూస్తే నూటపది. ‘మీకేం లేదు’ అని పంపేస్తారు. నిజానికి షుగర్ బాగుందని తేలిన ఆ క్షణం నుంచే అసలు ప్రశ్న మొదలవ్వాలి.

వాసోప్రెసిన్ లేని మనిషి దాహం ఎండ దాహంలా ఉండదు. రోజుకు మూడు లీటర్లు దాటి మూత్రం పోతుంది. ఆరు, ఎనిమిది, పది లీటర్లు పోసేవాళ్లూ ఉంటారు. మూత్రం చూడటానికి నీళ్లలాగే ఉంటుంది. రాత్రి గంటకోసారి లేస్తారు. మామూలు నీళ్లతో తృప్తి ఉండదు, ఐస్ నీళ్లే కావాలంటారు. ఎండకు చెమట పట్టిన మనిషికి మూత్రం తగ్గి చిక్కబడుతుంది. వాసోప్రెసిన్ లేనివాడికి ఎంత ఎండలోనైనా తగ్గదు, రంగు మారదు. ఈ తేడా అడిగి తెలుసుకోవడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. ఇంటి దగ్గర ఐదు లీటర్ల క్యాన్ ఒకటి ఇచ్చి ఇరవై నాలుగు గంటల మూత్రం అందులో పట్టమంటే మర్నాటికి జవాబు దొరుకుతుంది. రెండో క్యాన్ కావాలని ఆ సాయంత్రమే ఫోను వస్తే ఇక కొలవక్కర్లేదు.

ఈ స్థితికి చాలాకాలంగా ఉన్న పేరు డయాబెటిస్ ఇన్సిపిడస్. ‘డయాబెటిస్’ అన్న మాట చూసి షుగర్ జబ్బనుకుని, వార్డులో వాసోప్రెసిన్‌కు బదులిచ్చే డెస్మోప్రెసిన్ మందు ఆపేసిన ఘటనలు, ప్రాణాలు పోయిన ఘటనలు ఇతర దేశాల్లో జరిగాయి. అందుకే 2022లో ఎండోక్రైన్ నిపుణుల సంఘాలు దీన్ని ‘ఆర్జినిన్ వాసోప్రెసిన్ లోపం’ అని మార్చాయి.

పీయూష గ్రంథిలోనే పుట్టే మామూలు గడ్డ, అంటే అడినోమా, ఆపరేషన్‌కు ముందు ఈ దాహాన్ని తేవడం చాలా అరుదు. నూటికి ఒక్కరికి కూడా కష్టమే. సెకండరీస్‌లో నూటికి ముప్ఫై నలభై మందికి ఉంటుంది. కాబట్టి సెల్లాలో గడ్డ, దానితోపాటు దాహం కనిపిస్తే అడినోమా అనుకోవడానికి తొందరపడకూడదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మూత్రపిండం నుంచి నీళ్లు బయటికి పోవాలంటే కార్టిసాల్ ఉండాలి. ముందు భాగం కూడా దెబ్బతిని కార్టిసాల్ పడిపోతే, వాసోప్రెసిన్ లేకపోయినా మూత్రం ఎక్కువ రాదు, దాహం కనబడదు. అలాంటి రోగికి నీరసమనో వాంతులనో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే ఆ రాత్రే లీటర్ల కొద్దీ మూత్రం మొదలవుతుంది. స్టెరాయిడ్ వల్ల షుగర్ పెరిగిందేమో అనుకుంటారు. అది కాదు, దాగి ఉన్న లోపం బయటపడింది.

కీమో తీసుకునేవాళ్లలో ఇంకో చిక్కు. వాంతులు రాకుండా కీమో రోజున, తర్వాత రెండు రోజులు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. కార్టిసాల్ లేని రోగికి ఆ మూడు రోజులూ ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. నాలుగో రోజు నుంచి మంచం దిగలేడు. ఇంట్లోవాళ్లు ‘కీమో ప్రభావం’ అనుకుంటారు. ప్రతి సైకిల్‌కూ ఇదే వరస కనబడితే కార్టిసాల్ గురించి ఆలోచించాలి. రక్తం తీసేటప్పుడూ జాగ్రత్త కావాలి. డెక్సామెథసోన్ ఒంట్లో ఉండగా తీసిన కార్టిసాల్ పరీక్ష తక్కువే చూపిస్తుంది, దాన్ని బట్టి ఏమీ చెప్పలేం. వీలైతే తర్వాతి కీమోకు ముందు ఉదయం తీయాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం రక్తం తీసి పెట్టి, ఫలితం కోసం ఆగకుండా కార్టిసాల్‌కు బదులిచ్చే హైడ్రోకార్టిసోన్ ఇచ్చేయాలి.

క్యాన్సర్ రోగికి దాహం వేరే కారణాలతోనూ వస్తుంది. ఎముకలకు పాకి కాల్షియం పెరిగితే వస్తుంది. స్టెరాయిడ్లతో షుగర్ నిజంగానే పెరిగితే వస్తుంది. పొటాషియం పడిపోతే వస్తుంది. ఈ మూడూ ఏ చిన్న ల్యాబ్‌లోనైనా చూసేవే. అవి బాగుండి, రక్తంలో సోడియం 145 దాటి, మూత్రం మాత్రం పలచగా ఉంటే వాసోప్రెసిన్ వైపు చూడాలి. అప్పటికే ఎండిపోయి ఉన్న మనిషిని గంటల తరబడి నీళ్లు మాన్పించి పరీక్షించడం అవసరమూ కాదు, క్షేమమూ కాదు.

చూపు, రెప్ప

గడ్డ పైకి పెరిగితే దృష్టి నాడులు దాటుకునే చోటు నలుగుతుంది. రెండు కళ్లకూ బయటి పక్కల చూపు పోతుంది. రోగి దాన్ని ‘చూపు తగ్గింది’ అని చెప్పడు. తలుపు అంచుకు భుజం తగులుతోందంటాడు, రోడ్డు దాటుతుంటే ఆటో పక్కకు వచ్చేదాకా కనపడలేదంటాడు. కంటి చార్టు అక్షరాలన్నీ చదివేస్తాడు. ఎదురుగా కూర్చుని, అతను మన ముక్కు వైపే చూస్తుండగా, రెండు చేతులూ పక్కలకు చాచి వేళ్లు కదిపితే లోపం తెలిసిపోతుంది. అందుకు ఒక నిమిషం చాలు.

పక్కకు పెరిగితే కంటిని తిప్పే నరాలు దెబ్బతిని రెప్ప వాలుతుంది, ఒకటి రెండుగా కనబడుతుంది. అడినోమాలు పక్కకు పెరిగినా ఈ నరాలను సాధారణంగా అంత తొందరగా పడగొట్టవు. కొద్ది వారాల్లోనే తలనొప్పి, వాలిన రెప్ప, దాహం వరసగా వచ్చాయంటే ఆ వేగమే అనుమానించాల్సిన విషయం.

పరీక్షలు

ఉదయం ఎనిమిదింటి కార్టిసాల్ డెసిలీటరుకు మూడు మైక్రోగ్రాముల లోపు ఉంటే లోపం దాదాపు ఖాయం. పదిహేను పైన ఉంటే చాలావరకు భయం లేదు. మధ్యలో ఉంటే కార్టిసాల్‌ను పురికొల్పే ఏసీటీహెచ్ ఇంజెక్షన్‌తో మరో పరీక్ష కావాలి, లోపం కొత్తదైతే అదీ మోసం చేయొచ్చు. థైరాయిడ్ విషయంలో మన ఊళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. ఖర్చు కలిసొస్తుందని టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తారు. పీయూషం చెడినప్పుడు ఆ టీఎస్‌హెచ్ తయారయ్యే చోటే చెడింది కాబట్టి అంకె మామూలుగానే కనబడవచ్చు. ఫ్రీ టీ4 చూస్తేనే లోపం తెలుస్తుంది.

బహిష్టులు ఆగిపోయిన స్త్రీలలో తక్కువ ఖర్చు ఆధారం మరొకటుంది. ఆ వయసులో పీయూషం విడుదల చేసే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ బాగా ఎక్కువగా ఉండాలి. తక్కువగా ఉంటే, వేరే కారణం కనబడనప్పుడు, పీయూషాన్ని అనుమానించాలి. రొమ్ము క్యాన్సర్ రోగుల్లో ఈ వయసువాళ్లు చాలామంది కాబట్టి ఇది గుర్తుపెట్టుకోదగ్గది. ప్రొలాక్టిన్ కొద్దిగా పెరగొచ్చు. కాడ నలిగి, దాన్ని అదుపులో ఉంచే డోపమిన్ అందకపోవడం వల్ల పెరిగేది అది. సాధారణంగా మిల్లీలీటరుకు వంద నానోగ్రాముల లోపే ఉంటుంది. దాన్ని చూసి ప్రొలాక్టిన్ తయారుచేసే అడినోమా, అంటే ప్రొలాక్టినోమా, అనుకుని దాని మందు కేబర్గోలిన్ మొదలుపెడితే అంకె దిగుతుంది, గడ్డ పెరుగుతూనే ఉంటుంది.

స్కాన్ అంటే ఎమ్మారై. మామూలు బ్రెయిన్ ఎమ్మారైలో ఐదు మిల్లీమీటర్లకు ఒక ముక్క చొప్పున తీస్తారు, శనగగింజంత గ్రంథిలో చిన్న గడ్డ ఆ ముక్కల మధ్య తప్పిపోతుంది. పీయూషం కోసమని రాసి, రెండు మూడు మిల్లీమీటర్ల ముక్కలతో, గెడోలినియం మందు ఎక్కించి తీయించాలి. మందు ఎక్కించకముందు తీసిన నిలువు చిత్రాల్లో ఆరోగ్యవంతుడి గ్రంథి వెనక అంచున చిన్న తెల్లటి చుక్క వెలుగుతుంటుంది. వాసోప్రెసిన్ నిల్వకు గుర్తు అది. వెనక భాగానికి క్యాన్సర్ పాకినవాళ్లలో ఆ చుక్క ఆరిపోతుంది. కాడ లావెక్కుతుంది. గడ్డ కింద, పైన ఉబ్బి, మధ్యలో నొక్కుకుపోయి డంబెల్ ఆకారంలో ఉంటుంది. అడినోమా ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి ఎముక గుంట దానితో పాటే వెడల్పవుతుంది. సెకండరీస్‌కు అంత ఓపిక లేదు. గుంట మామూలు సైజులోనే ఉండి ఎముక కొరుక్కుపోయి కనబడుతుంది. మెదడులో ఇంకెక్కడైనా మచ్చలుంటే సంగతి మరింత తేటపడుతుంది. ఇవేవీ ఒంటరిగా ఖాయమైన రుజువులు కావు. ఆరు నుంచి ఎనిమిది వారాల తేడాతో తీసిన రెండు స్కాన్లు పక్కపక్కన పెట్టి చూస్తే వచ్చే నమ్మకం ఒక్క స్కాన్‌తో రాదు.

పెట్ స్కాన్ అసలు క్యాన్సర్ ఎక్కడుందో వెతకడానికి బాగా పనికొస్తుంది. అయితే పీయూషం వెలిగిందని చెప్పి సెకండరీస్ అని తేల్చలేం, అడినోమాలూ అలాగే వెలుగుతాయి. క్యాన్సర్ రోగికి అడినోమా ఉండకూడదన్న నియమమూ లేదు. పదిమందిలో ఒకరికి తెలియకుండానే చిన్న అడినోమా ఉంటుంది.

మన దగ్గర మర్చిపోకూడనిది టీబీ. పీయూషంలో టీబీ గడ్డ అరుదే, కానీ కాడను లావు చేసి దాహం తేవడంలో అది అచ్చం సెకండరీస్‌లాగే ఉంటుంది. ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ చూసి నెలల తరబడి టీబీ మాత్రలు మింగించాక అది ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలిన రోగులు తెలుగు నేలలో ఏ క్యాన్సర్ వార్డులోనైనా కనబడతారు. రెండు వైపులా పొరబడే వీలుంది కనుక ముక్క పరీక్ష కావాలి. కొత్త తరం ఇమ్యూనోథెరపీ మందులు, ముఖ్యంగా ఇపిలిముమాబ్, పీయూషాన్ని వాపు చేసి కార్టిసాల్‌ను పడగొడతాయి. అది మందు దుష్ఫలితమే, క్యాన్సర్ పాకడం కాదు. అందులో దాహం సాధారణంగా ఉండదు, ఆ ఒక్క తేడా చాలాసార్లు దారి చూపుతుంది.

అసలు క్యాన్సర్ ముందే తెలిసి, ఒళ్లంతా పాకి, స్కానూ హార్మోన్లూ ఒకే మాట చెబుతుంటే పీయూషం నుంచి ముక్క తీయక్కర్లేదు. ఊపిరితిత్తిలోనో మెడ బిళ్లలోనో తేలిగ్గా దొరికే చోట తీస్తే చాలు. అసలు జబ్బు తెలియనప్పుడు, లేదా పీయూషంలో తప్ప ఎక్కడా ఏమీ లేనప్పుడు తీయాలి. అలా తీసిన ముక్క చూసే పెథాలజిస్టుకూ ఉచ్చులున్నాయి. రొమ్ము క్యాన్సర్‌ను గుర్తించే గాటా3 రంగు కొన్ని పీయూష అడినోమాల్లోనూ పడుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వాడే టీటీఎఫ్1, పీయూషం వెనక భాగంలోనే పుట్టే అరుదైన గడ్డల్లోనూ పడుతుంది. ముక్కతో పాటు రోగి పూర్తి కథ రాసి పంపకపోతే రిపోర్టు తప్పుదారి పట్టొచ్చు.

చికిత్సలో ముందు వెనకలు

మొదట కార్టిసాల్. బీపీ పడిపోయి, వాంతులతో, మగతగా వచ్చిన రోగికి నరంలోకి వంద మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్, దానితో సెలైన్. తర్వాత కొన్ని రోజులు ఆరు గంటలకోసారి యాభై. కుదుటపడ్డాక రోజుకు పదిహేను నుంచి పాతిక మిల్లీగ్రాముల మాత్రలు రెండు మూడు విడతలుగా. హైడ్రోకార్టిసోన్ మాత్రలు దొరకని ఊళ్లలో తక్కువ మోతాదు ప్రెడ్నిసొలోన్‌తో నెట్టుకురావచ్చు. జ్వరం వస్తే మోతాదు రెట్టింపు చేయాలని, వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్ కోసం దగ్గర్లోని ఆసుపత్రికి పరుగెత్తాలని ఇంట్లోవాళ్లకు చెప్పాలి. ఒక కాగితం మీద తెలుగులో రాసి రోగి జేబులో పెట్టడం మేలు.

థైరాక్సిన్ ఆ తర్వాతే. కార్టిసాల్ లేని ఒంటికి ముందుగా థైరాక్సిన్ ఇస్తే ఉన్న కాస్త కార్టిసాలూ తొందరగా ఖర్చయిపోయి రోగి కుప్పకూలతాడు. ఈ వరస తప్పడం వల్ల జరిగే ప్రమాదం అనవసరపు ప్రమాదం.

దాహానికి డెస్మోప్రెసిన్, మాత్రగానో ముక్కులో స్ప్రేగానో. తక్కువ మోతాదుతో రాత్రిపూట మొదలుపెట్టి, రోజుకో రెండు రోజులకో సోడియం చూస్తూ సర్దుతారు. రాత్రి నిద్ర పట్టాలి, అదే సమయంలో రోజుకు ఒకసారైనా మూత్రం ధారాళంగా రావాలి. మందు వేసుకుంటూనే పాత అలవాటుగా లీటర్ల కొద్దీ నీళ్లు తాగితే సోడియం పడిపోయి ఫిట్సు వస్తాయి. హార్మోన్ మందుల్లో ఖర్చైనది ఈ డెస్మోప్రెసినే. గ్రోత్ హార్మోన్ మాత్రం క్యాన్సర్ చురుగ్గా ఉన్నవాళ్లకు ఇవ్వరు.

ఆపరేషన్ ముక్కు దారినే చేస్తారు. సెకండరీస్ గడ్డలు గట్టిగా, రక్తం ఓడుతూ, చుట్టుపక్కల కణజాలాన్ని పట్టుకుని ఉంటాయి. పూర్తిగా తీయడం చాలాసార్లు కుదరదు, ప్రయత్నించనూ కూడదు. చూపు వేగంగా పోతుంటే నాడుల మీద ఒత్తిడి తీయడానికి, జబ్బేమిటో తెలియకపోతే ముక్క కోసం చేస్తారు. గడ్డ పూర్తిగా తీస్తే ఆయుష్షు పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. చూపు మెరుగై, తలనొప్పి తగ్గితే ఆపరేషన్ ఫలించినట్టే. పోయిన వాసోప్రెసిన్ సాధారణంగా తిరిగి రాదు.

రేడియేషన్‌ను జనం ‘కరెంటు పెట్టడం’ అంటారు. గడ్డ చిన్నదై, దృష్టి నాడులకు కొన్ని మిల్లీమీటర్ల ఎడం ఉంటే ఒకే విడతలో గురిపెట్టి ఇచ్చే స్టీరియోటాక్టిక్ పద్ధతి బాగుంటుంది. నాడులకు ఒక్క విడతలో ఎనిమిది నుంచి పది గ్రే (రేడియేషన్ కొలత) మించి తగలకూడదన్నది లెక్క. నాడులకు ఆనుకుని ఉంటే పది పన్నెండు విడతలుగా విడగొట్టి ఇస్తారు.

అసలు ఆయుష్షును నిర్ణయించేది ఒంట్లో మిగతా క్యాన్సర్. కాబట్టి దాని మందే ఈ గడ్డకూ మందు. పీయూష గ్రంథికి మెదడును కాపాడే రక్తపు అడ్డుగోడ లేదు. మెదడులోకి చొరబడలేని మందులు కూడా ఇక్కడికి చేరతాయి. మన దేశంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినవాళ్లలో పొగ తాగనివారు చాలామంది. వాళ్లలో ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు ఉంటే గెఫిటినిబ్, ఆసిమెర్టినిబ్ లాంటి మాత్రలతో గడ్డ కరిగిపోవచ్చు. హెర్2 ప్రొటీన్ ఎక్కువగా ఉన్న రొమ్ము క్యాన్సర్‌కు ట్రాస్టుజుమాబ్, హార్మోన్ గ్రాహకాలు ఉన్నదానికి హార్మోన్లను అడ్డుకునే మాత్రలు ఇస్తారు. పాత అధ్యయనాల్లో సగటు ఆయుష్షు ఆరేడు నెలలు. కొత్త మందులు సరిపడే రకం క్యాన్సర్ వచ్చినవాళ్లు ఇప్పుడు అంతకంటే చాలా ఎక్కువ కాలం బతుకుతున్నారు.

ఎక్కడ చేయించుకోవాలన్న ప్రశ్న వస్తుంది. కృష్ణ దాటితే మంగళగిరిలో ఎయిమ్స్, ఇంకొంచెం ముందుకెళ్తే గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో నాట్కో క్యాన్సర్ కేంద్రం ఉన్నాయి. హైదరాబాదులో 1955 నాటి ఎంఎన్‌జే, 2000లో మొదలైన బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రులు ఉన్నాయి. 1949లో జేకబ్ చాందీ దేశంలో న్యూరోసర్జరీకి నాంది పలికిన వెల్లూరు సీఎంసీకి డెల్టా జనం తరతరాలుగా కాట్పాడి రైలెక్కుతూనే ఉన్నారు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, క్యాన్సర్ ఆపరేషన్లకూ కీమోకూ రేడియేషన్‌కూ దారి తెరిచింది. ఏ ఊరికి ప్రయాణమైనా హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టాకే బయల్దేరాలి. దాహమున్న రోగిని నీళ్ల సీసాలు లేకుండా, మరుగుదొడ్డికి దూరంగా ఉన్న బెర్తులో, రాత్రంతా కూర్చోబెట్టకూడదు.

జబ్బు చివరికి వచ్చినప్పుడు కూడా హార్మోన్ల పని ఉంటుంది. రోగి నీళ్లు తాగడం తగ్గించేశాక డెస్మోప్రెసిన్ మోతాదు మళ్లీ చూసుకోవాలి. తాగే నీళ్లకూ మందుకూ పొంతన తప్పితే సోడియం ఎటో ఒకవైపు పోయి మగత, కలవరింతలు వస్తాయి, వాటిని క్యాన్సర్ మెదడుకెక్కిందని పొరబడతారు. మందు ఒక్కసారిగా మానేస్తే దాహం, పక్క తడవడం రెండూ మొదలవుతాయి. ఆ మాత్రం సుఖం కోసమైనా చాలామందికి కొద్ది మోతాదు కొనసాగిస్తారు. స్టెరాయిడ్ మాత్ర మింగలేని రోజున చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇవ్వొచ్చు, ఇంటి దగ్గర నర్సుకో, నేర్చుకున్న కొడుక్కో కోడలికో అది కష్టమైన పని కాదు. తలనొప్పికి మార్ఫిన్ మాత్రలు, వాటితో వచ్చే మలబద్ధకానికి మందు మొదటి రోజు నుంచే రాస్తారు.